మ్యూజియం గ్యాలరీ డిజైన్: వస్తువులు సర్దడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చివరి ఏడాదిలో ఉంది. మ్యూజియం గ్యాలరీలు డిజైన్ చేస్తానంటోంది. అద్దాల పెట్టెల్లో వస్తువులు సర్దడానికి మళ్లీ చదువెందుకో నాకు అర్థం కావట్లేదు.

జవాబు: సర్దడం ఆ పనిలో చివరి ముక్క మాత్రమేనండీ. ఏ వస్తువులు పెట్టాలి, అన్నీ కలిసి ఏ కథ చెప్పాలి అన్నది క్యురేటర్ చూసుకుంటారు. చూసేవాళ్లకు నడుస్తూ ఉండగానే ఆ కథ అర్థమయ్యేలా దారి వేయడం ఎగ్జిబిషన్ డిజైనర్ పని. మీ అమ్మాయి అంటున్నది ఈ రెండోదే కావచ్చు, ఒకసారి అడగండి. దానికి ఆర్కిటెక్చర్ మంచి పునాది.

చిక్కేమిటంటే, జనం మనం గీసిన దారిలో నడవరు. గదిలోకి రాగానే ఎక్కువమంది కుడివైపు తిరుగుతారనీ, బయటికెళ్లే తలుపు కనబడితే మిగతావి వదిలేసి అటే పోతారనీ అమెరికన్ సైకాలజిస్ట్ ఆర్థర్ మెల్టన్ 1930లలోనే గమనించారు. న్యూయార్క్‌లో 1959లో తెరిచిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం సంగతే చూడండి. లిఫ్టులో పైకెళ్లి, మెలికలు తిరిగే ర్యాంపు మీదుగా బొమ్మలు చూస్తూ దిగాలన్నది ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆలోచన. అక్కడ చాలా ఎగ్జిబిషన్లు కింది నుంచే మొదలవుతాయి!

వెలుతురు ఇంకో పెద్ద విషయం. పాత కాగితం, బట్ట పాడవకుండా వాటి మీద సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే యూనిట్) మించి వెలుతురు పడనివ్వరు. ఎండలోంచి నేరుగా ఆ గదిలోకి వస్తే కాసేపు ఏమీ కనబడదు. అందుకే ముందు కాస్త మసక వెలుతురున్న నడవా వేసి, పరిచయ బోర్డు అక్కడ పెడతారు. అది చదివేలోపు కళ్లు సర్దుకుంటాయి. ఇలాంటి ఆలోచన చదువుతోనూ, సైట్‌లో పనితోనూ వస్తుంది.

ఉద్యోగాల గురించి ఉన్నమాట చెబుతాను. మ్యూజియంలలో పర్మనెంట్ పోస్టులు తక్కువ. ఎక్కువ పని డిజైన్ స్టూడియోల్లో, ప్రాజెక్టుల వారీగా దొరుకుతుంది. ఆదాయం అన్ని నెలలూ ఒకేలా ఉండదు. ఆ టెన్షన్ తట్టుకోగలదా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

కోర్సుకు అప్లై చేసేముందు ఆమె ఒక పని చేస్తే బాగుంటుంది. ఏదైనా గ్యాలరీలో అనుమతి తీసుకుని, ప్లాన్ కాగితం మీద సందర్శకులు నడిచిన దారులు గీయాలి. ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, దేన్ని చూడకుండా దాటేశారు అన్నీ రాసుకోవాలి. తర్వాత అదే గదిని తను ఎలా మారుస్తుందో పక్కనే గీయాలి. పోర్ట్‌ఫోలియోలో, అంటే తను చేసిన పనుల ఫైల్‌లో, అందమైన త్రీడీ బొమ్మల కన్నా ఆ రెండు షీట్లకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.