ఒక క్లయింటుకు చేసిన డిజైన్ ఇంకొకరికి వాడితే కేసవుతుందా?

ప్రశ్న: నేను గుంటూరులో ఫ్రీలాన్సర్‌గా వెబ్‌సైట్లు చేస్తాను. వర్డ్‌ప్రెస్, ఎలిమెంటర్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ల మీద పని. బాగా కుదిరిన సెక్షన్లు (పైన బ్యానర్, డాక్టర్ల వరస, అపాయింట్‌మెంట్ ఫారం) టెంప్లేట్లుగా సేవ్ చేసుకుని, రంగులూ ఫోటోలూ మార్చి తరవాతి సైట్లలో వాడతాను. కొన్ని ఇంతకుముందు ఉద్యోగం చేసిన కంపెనీలో ఉండగా చేసినవి. ఈమధ్య ఇక్కడి ఒక డెంటల్ క్లినిక్ డాక్టరుగారు తెనాలిలో నేను చేసిన మరో క్లినిక్ సైటు చూసి, ‘డబ్బిచ్చి చేయించుకున్న డిజైన్ నాది, లాయర్ నోటీసు పంపిస్తా’ అంటున్నారు. అగ్రిమెంట్ లేదు. వాట్సాప్‌లో మాట్లాడుకున్నాం, ఇన్‌వాయిస్ ఇచ్చాను. నాది తప్పా?

జవాబు: మీ సెక్షన్లు వేరు, మా చట్టం సెక్షన్లు వేరు. తికమక లేకుండా మీవాటిని బ్లాకులందాం.

డబ్బిచ్చాను కాబట్టి నాదే అన్నది డాక్టరుగారి ఒక్కరి నమ్మకం కాదు, దాదాపు అందరిదీ. కానీ కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం సృష్టించినవారే మొదటి హక్కుదారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న పెయింటింగ్ లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారే యజమాని. కంప్యూటర్ ప్రోగ్రాం ఆ మినహాయింపులో లేదు. చట్టం దాన్ని సాహిత్య రచనల్లో చేర్చింది, అంటే మీ సైటు వెనకున్న కోడు నవలలూ కవితలూ ఉన్న గూట్లోనే ఉంది.

ఆ హక్కు మీ నుంచి ఆయనకు పోవాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి, కింద మీ సంతకం ఉండాలి. వాట్సాప్‌లో ‘ఓకే సర్’ అన్నంత మాత్రాన బదిలీ అయిపోయిందనడం కష్టం. ఎందుకైనా మంచిది, మీ ఇన్‌వాయిస్ అడుగున చిన్నక్షరాల్లో ఏముందో ఇవాళే చూడండి. చాలామంది నెట్‌లో దొరికిన నమూనా దించుకుంటారు. అందులో ‘పూర్తి చెల్లింపు తరవాత డిజైన్‌పై సర్వహక్కులూ క్లయింటువే’ అని ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టి ఇచ్చేస్తారు. మీదాంట్లో ఆ వాక్యం ఉంటే నా సలహా మొత్తం మారిపోతుంది.

ఇంకొకటి, ఎడమ బొమ్మ, కుడి రెండు ముక్కల మాట, కింద బటన్ అనే అమరిక ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. డాక్టరుగారివి ఆయన లోగో, ఆయన రాసిచ్చిన మాటలు, ఆయన తీయించిన ఫోటోలు. వాటిలో ఏదైనా తెనాలి సైటులో మిగిలిందేమో వెతకండి. రెండు సైట్లూ చూసిన రోగి ఒకటే క్లినిక్ అనుకునేంత పోలిక ఉంటే మాత్రం ‘పాసింగ్ ఆఫ్’ దావా అనే వేరే తలనొప్పి వస్తుంది. ఒకే వ్యాపారం, మధ్యలో పాతిక కిలోమీటర్లు. బ్యానర్ కాస్త మార్చండి.

వెతికేటప్పుడు ఫారం తెరిచి, వివరాలు ఏ మెయిల్‌కి వెళ్తున్నాయో చూడండి. నా దగ్గరికొచ్చిన ఒక వ్యవహారంలో బ్లాకు మారింది, లోపలి మెయిల్ అడ్రస్ మారలేదు. కొత్త క్లినిక్ రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ పన్ను నొప్పో కూడా పోటీ క్లినిక్ ఇన్‌బాక్సులో పడ్డాయి. అక్కడ కాపీరైట్ ఊసే రాలేదు. నిర్లక్ష్యానికి పరిహారం ఎంత అన్నదొక్కటే చర్చ.

నన్నడిగితే డాక్టరుగారి కంటే మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన పాత కంపెనీతోనే ఎక్కువ ప్రమాదం. ఉద్యోగంలో భాగంగా చేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని కంపెనీయే. అదీ 17వ సెక్షన్ మాటే. రంగులు మార్చినంత మాత్రాన అది మీదైపోదు. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. అక్కడ నేర్చుకున్న పనితో మీరు బతకడాన్ని ఎవరూ ఆపలేరు. ఉద్యోగం మానేశాక ఇదే వ్యాపారం చేయకూడదనే షరతు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. కానీ ఆ ఫైళ్లు మాత్రం వాడకండి, కొత్తగా కట్టుకోండి. అలాగని పాతవి డిలీట్ చేయకండి. వివాదమంటూ వస్తే ఏది ఎప్పుడు చేశారో చెప్పే తేదీలు వాటిలోనే ఉంటాయి.

డాక్టరుగారికి కోపంలో వాట్సాప్ జవాబు పెట్టకండి, అది రేపు కోర్టులో ఎగ్జిబిట్ (సాక్ష్యం) అవుతుంది. నోటీసు వస్తే అందులోని గడువులోపు లాయరుతోనే జవాబు ఇప్పించండి. ఇకముందు అడ్వాన్సు తీసుకునే ముందే ఈ నాలుగు లైన్ల మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి: ‘క్లయింటు ఇచ్చిన లోగో, ఫోటోలు, రాత క్లయింటువే. సాధారణ లేఅవుట్లు, కోడు, బ్లాకులపై హక్కు డిజైనరుదే. క్లయింటు వాటిని ఈ సైటులో కాలపరిమితి లేకుండా వాడుకోవచ్చు. డిజైనరు వాటిని ఇతరుల సైట్లలోనూ వాడుకోవచ్చు.’ తనకొక్కడికే కావాలని ఎవరైనా పట్టుబడితే ఇవ్వండి, కాకపోతే దానికి రేటు వేరే చెప్పండి.