బెల్లం చెమరుస్తుంటే బ్రిక్స్ అంకెను నమ్మకండి

ప్రశ్న: రసం బ్రిక్స్ (రసంలో కరిగిన పదార్థాల శాతం) 20 ఉంది. అయినా బెల్లం గట్టిపడటం లేదు, మూడో రోజుకే చెమరుస్తోంది. పొటాష్ లోపమేనా? మందుల అంగడిలో తీపి పెంచే మందు పిచికారీ చేయమన్నారు, పాకంలో హైడ్రోస్ (బెల్లం రంగు తెల్లబరిచే రసాయనం) ఎక్కువ వేయమన్నారు. ఏడో నెలలో ఒక బస్తా యూరియా వేశాను. గానుగ వంతు రాక, కొట్టిన చెరకు నాలుగు రోజులు ఆగింది.
– ఒక రైతు, తవణంపల్లె మండలం

జవాబు: పొటాష్ లోపం కాదు. అసలు కారణం మీరు చివర రాసిన రెండు మాటల్లోనే ఉంది. ఆలస్యంగా వేసిన యూరియా వల్ల చెరకు సరిగా పండలేదు. కొట్టి నిలవ ఉంచిన గడల్లో చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అయింది. ఈ రెండూ పాకాన్ని గట్టిపడనివ్వవు, గాలిలో తేమను లాగుతాయి. బ్రిక్స్ మీటరు రసంలో కరిగిన వాటన్నిటినీ కలిపి చూపుతుంది కాబట్టి, చక్కెర విరిగినా అంకె తగ్గదు.

ఈ తేడా, విరిగిన చక్కెరను మాత్రమే కొలిచే ఫెహ్లింగ్ పరీక్షలో తెలుస్తుంది. 10 మి.లీ. రసాన్ని తేటపరచి, నీటితో 100 మి.లీ. చేస్తాం. మరుగుతున్న 10 మి.లీ. నీలి ఫెహ్లింగ్ ద్రావణంలో దాన్ని బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదులుతాం. అడుగున ఇటుక రంగు పొడి దిగుతుంది. చివర మిథిలీన్ బ్లూ వేస్తే, దాని నీలం పోయిన చోట ఆపుతాం. 50 మి.లీ. పట్టిందంటే విరిగిన చక్కెర సుమారు 1 శాతం, 25 మి.లీ.కే పోయిందంటే 2 శాతం. పండిన తాజా చెరకులో 1 శాతం లోపే ఉండాలి. మామూలు చక్కెర ఈ ద్రావణంతో చర్య జరపదు. దాన్ని ఆమ్లంతో విరగ్గొట్టి మళ్లీ కొలిచి, పెరిగిన అంకెను 0.95తో గుణిస్తే మామూలు చక్కెర శాతం వస్తుంది.

ఇకపై నత్రజని నాటిన 45, 90 రోజులకు వేసి ఆపేయండి. కోతకు 10–15 రోజుల ముందు నీరు పెట్టడం ఆపేయండి. గడ పైభాగం, అడుగుభాగం బ్రిక్స్ దాదాపు సమానమయ్యాకే కొట్టండి. గానుగ వంతు ఖాయమయ్యాకే కత్తి పట్టండి, 24 గంటల్లో ఆడించండి. రసానికి సున్నపు తేటను కొంచెం కొంచెంగా కలుపుతూ, పీహెచ్ కాగితంతో చూసి 6.2 దగ్గర ఆపండి. పాకాన్ని 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించండి.

హైడ్రోస్ రంగును తెల్లబరుస్తుందే తప్ప విరిగిన చక్కెరను అతికించదు. ఆ రంగు కూడా నిలవలో మళ్లీ నల్లబడుతుంది. తినే బెల్లంలో అది వేయమని చెప్పేవారి మాట దయచేసి వినకండి. పరీక్ష చేయకుండా మందు అంటగట్టే అంగడివారికి మీ రసంలో ఏముందో ఎలా తెలుస్తుంది? ఆ పిచికారీ డబ్బు మిగుల్చుకోండి. ఈసారి కోతకు వారం ముందు ఐదారు గడల రసం అర లీటరు, మంచులో పెట్టి అదే రోజు తిరుపతి ప్రయోగశాలకు తెండి.

చెమర్చిన బెల్లాన్ని మళ్లీ పెనంలో వేయకండి. కాచినకొద్దీ మిగిలిన చక్కెర కూడా విరుగుతుంది. తేమ తగలకుండా కట్టి, ముందుగా దాన్నే అమ్మేయండి.