యాంటీబయాటిక్స్‌కి లొంగని బ్యాక్టీరియా మీద ఔషధ మొక్కలు పనిచేస్తాయా?

ల్యాబ్‌లో కొన్ని పనిచేస్తున్నాయి, కానీ దయచేసి డాక్టర్ రాసిన కోర్సు మధ్యలో ఆపేసి కషాయం మీద ఆధారపడకండి.

మానుపసుపు సంగతే చూడండి. అందులో ఉండే బెర్బెరిన్ అనే పసుపుపచ్చటి పదార్థానికి బ్యాక్టీరియాను చంపే గుణం ఉంది, కాకపోతే చర్మం మీద చీముగడ్డలు తెప్పించే స్టెఫైలోకోకస్ ఆరియస్ లాంటి బ్యాక్టీరియా తమ పైపొరలోని నార్-ఏ అనే పంపుతో దాన్ని వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తాయి. ఆశ్చర్యం ఏంటంటే, ఆ పంపును అడ్డుకునే ఇంకో పదార్థం కూడా బెర్బెరిన్ ఉండే బెర్బెరిస్ జాతి మొక్కల్లోనే ఉందని 2000లో అమెరికా పరిశోధకులు చూపించారు. అది ఒక్కటే అయితే క్రిమిని ఏమీ చేయలేదు, బెర్బెరిన్‌తో కలిస్తేనే దెబ్బ పడుతుంది. నాకు అసలు ఆశ ఇక్కడే కనిపిస్తోంది, ఎందుకంటే పాత యాంటీబయాటిక్స్‌కి ఇలాంటి తోడు దొరికితే అవి మళ్లీ పనికొస్తాయి.

చిక్కల్లా ఒక్కటే: నోటితో మింగిన బెర్బెరిన్ రక్తంలోకి చేరేది చాలా తక్కువ.