ఉపవాసం సరే, ఆ కాగితం చదివారా?

ప్రశ్న: మాది కోనసీమ. మావారు దుబాయిలో పనిచేసి, ఆ డబ్బుతో తన పేరున ఎకరంన్నర కొబ్బరితోట కొన్నారు. రెండేళ్ల క్రితం గుండెపోటుతో పోయారు. పాప ఇంటర్, బాబు ఎనిమిదో తరగతి చదువుతున్నారు. తోట వ్యవహారాలు మా బావగారే చూస్తారు, భూమి పాసుపుస్తకం కూడా ఆయన దగ్గరే ఉంది. ఆయన మా చర్చిలో సంఘ పెద్ద. నెలనెలా ఇంటి ఖర్చులకు కొంత ఇస్తారు. ఇప్పుడు నా తరఫున అన్నీ చేసే అధికారం ఆయనకిచ్చే జనరల్ పవర్ కాగితాల మీద సంతకం పెట్టమంటున్నారు. ‘ఇది అన్యాయం పెదనాన్నా’ అన్నందుకు పాపను అందరి ముందూ కొట్టాను. అప్పటినుంచి నిద్ర లేదు. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేస్తున్నా భయం పోవడం లేదు. నా విశ్వాసంలో లోపమా? ధైర్యం రావడానికి ఏ బైబిలు వాక్యాలు ధ్యానించాలి? – ఒక సోదరి

జవాబు: అమ్మా, వాక్యాల జాబితా నేను ఇవ్వను. మీకు వాక్యానికి కొదవ లేదు. ఇరవై మూడో కీర్తన కంఠతా వచ్చే ఉంటుంది, కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు బీరువా తలుపుకు అంటించే ఉంటారు. విశ్వాసంలో లోపమా అంటే, కాదు. యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయిన ప్రవక్త ఏలీయా చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. మీరు కూడా కొన్నాళ్లు శుక్రవారాలు కడుపునిండా తిని పడుకోండి. ఈ మాటకు కొందరు విశ్వాసులు నన్ను తిట్టుకుంటారని తెలుసు.

మీ భయం ఎవరి వల్ల? దేవుడి వల్ల కాదు, రేపటి వల్ల కూడా కాదు. బావగారి వల్ల. పోయిన భర్తను ఒక్క ముక్కలో ముగించి, ఉత్తరమంతా బావగారి గురించే రాశారు. ఆయన ఇస్తారు, ఆయన చూస్తారు, ఆయన అడుగుతున్నారు. మీ తోటలో కాయలు దింపిన డబ్బు మీకే సాయంలా అందుతోంది, మీరు కృతజ్ఞతతో చేతులు జోడిస్తున్నారు. ఆయన దుర్మార్గుడని నేను అనను. తమ్ముడు పోయాక రెండేళ్లు కూలీలను, ఎరువులను, దింపులను చూసుకోవడం తేలిక కాదు. అయితే లెక్క చెప్పని పెద్దరికాన్ని నేను పెద్దరికంగా ఒప్పుకోను. అందులోనూ సంఘ పెద్ద. విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ దీర్ఘప్రార్థనలు చేసేవారిని యేసు ఏమన్నాడో ఆయనకు తెలియకపోదు.

రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలోని విధవరాలిని చూడండి. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వస్తే ఆమె ప్రవక్త ఎలీషా దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుంది. ఆయన వెంటనే అడిగింది ‘నీ ఇంట్లో ఏమున్నది’ అని. అద్భుతం ఆ తర్వాత జరిగింది. అదే ప్రశ్న నేను మిమ్మల్ని అడుగుతున్నాను. మీ తోటలో చెట్లెన్ని? దింపుకు కాయలెన్ని వస్తాయి, ఏ ధరకు పోతున్నాయి? వీటిలో ఒక్కదాని అంకె కూడా ఉత్తరంలో లేదు. మీకు తెలియదనుకుంటాను. తెలియనిచోటే భయం పెరుగుతుంది.

తెలుసుకోవలసింది ఇంకొకటుంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా భర్త పోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానమే. మన ఊళ్లలో చాలామంది కాగితాల మీద హిందువులుగా ఉంటారు కాబట్టి అటువైపు కూడా చెబుతాను. హిందూ వారసత్వ చట్టమైతే మీరు, పిల్లలు, అత్తగారు ఉంటే ఆవిడ సమానంగా పంచుకుంటారు. మీకు ఏది వర్తిస్తుందో వకీలు చెబుతారు. పిల్లలుండగా బావగారికి మాత్రం రెండింటిలోనూ వాటా లేదు.

విశ్వాసులు కోర్టుకెక్కకూడదని బావగారు బైబిల్లో కొరింథీ మొదటి పత్రిక ఆరో అధ్యాయం తీస్తారు. తియ్యనివ్వండి. అక్కడే ఇంకాస్త కిందికి చదవమనండి. మీరే మీ సహోదరులకు అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు అని ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు గద్దించింది అదే అధ్యాయంలో. ఆ పౌలే కొరడా దెబ్బల ముందు తాను రోమా పౌరుడనని గుర్తుచేశాడు, న్యాయం దక్కదని తోచినప్పుడు రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. హక్కు అడగడం అవిశ్వాసం కాదు.

పాప విషయం నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది. బైబిల్లో సెలోపెహాదు అనే ఆయన కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట, యాజకుడి ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు ఎందుకు పోవాలి, మాకు స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇవ్వండి అని అడిగారు. పెద్దల ముందు నోరు లేపుతారా అని వాళ్లను ఎవరూ కొట్టలేదు. వాళ్ల మాట సరైనదేనని దేవుడు తీర్పు చెప్పాడు. ఏ ధైర్యం కోసం మీరు ఉపవాసం ఉంటున్నారో దాన్ని మీ కూతురు చూపిస్తే చెంప మీద కొట్టారు. పాపకు క్షమాపణ చెప్పండి. గదిలో గుసగుసగా కాదు, బావగారికి వినబడేచోట.

ఆ తర్వాత పాపను వెంటబెట్టుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తోట ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం, తీయించండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి మీ పేర్ల మీదకు మార్పుకు దరఖాస్తు పెట్టండి. వకీలు ఫీజుకు భయపడకండి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే అడగండి. మీ పాస్టరుగారి భార్య మంచిదైతే మీతో రమ్మనండి, ఊరికే పక్కన కూర్చున్నా చాలు.

అంతవరకు ఏ కాగితం మీదా సంతకం వద్దు, వేలిముద్రా వద్దు. బావగారు ఇంటికొచ్చి గట్టిగా అడిగితే వాదించకండి, మీకు చేతకాదు. ‘బాబు మైనరు బావగారూ, వాడి వాటా జోలికి వెళ్లాలంటే కోర్టు అనుమతి కావాలట, వకీలుగారిని అడిగి చెబుతాను’ అనండి. కాఫీ ఇచ్చి పంపండి.