పాత పటం, పాత కర్ర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా తాతగారు, నాయనమ్మల ఫోటో టేకు పటంలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ గోడ బాగా తడిసింది. అప్పటి నుంచి పటం మూలలు వదులయ్యాయి, ఫోటో ఒక పక్క అద్దానికి అంటుకుపోయింది, ఈ మధ్య కింద సన్నని పొడి కూడా రాలుతోంది. పటాలు కట్టే దుకాణంలో అడిగితే పాతది పారేసి ఫైబర్ ఫ్రేము వేయించుకోమన్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: అమ్మా, దయచేసి ఆ ఫ్రేమును పారేయకండి. దశాబ్దాల పాటు గోడమీద ఆరిన టేకు ఇక వంగడం, మెలితిరగడం చాలా తక్కువ. నిన్న మొన్న కోసిన కర్రకు ఆ నిలకడ రాదు. మూలలు విడిపోవడం కర్ర దోషం కాదు. పాతకాలపు వడ్రంగులు ఎక్కువగా వాడిన సరేసు, అంటే పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన బంక, తేమ తగిలితే మెత్తబడిపోతుంది.

అయితే ముందు ఫోటో సంగతి చూడాలి. పటాన్ని మెత్తని దుప్పటి మీద బోర్లా పెట్టి, వెనుక మేకులను ఒక్కొక్కటిగా తీసి, అట్టను నెమ్మదిగా ఎత్తండి. అద్దానికి అంటుకున్న భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లాగవద్దు. ఆ నాటి నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ ఉండేది కాగితంలో కాదు, కాగితం మీది పల్చని జెలటిన్ పొరలో. జెలటిన్‌కూ సరేసుకూ పుట్టుక ఒకటే కనుక, తడిసి ఆరితే అదీ బంకలాగే పట్టుకుంటుంది. నా చేతికి వచ్చిన ఒక పటంలో ఇంటివారు తొందరపడి లాగినందున పెళ్లికూతురి ముఖం సగం అద్దం మీదే ఉండిపోయింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అద్దంతో సహా ఫోటోను ఫ్రేములోంచి తీసి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా చూసుకుని, అద్దం మీదుగానే మంచి కెమెరాతో నకలు తీయించి పెట్టుకోండి. అసలును అద్దంతోనే ఉంచేయడం మేలు.

ఇక పొడి విషయం. టేకు చేవకు, అంటే కర్ర లోపలి ముదురు భాగానికి, పురుగు సాధారణంగా పట్టదు. అది చేవ పట్టని తెల్లభాగంలోనో, వెనుక బిగించిన నాసి బల్లలోనో ఉంటుంది. వెనుక బల్లను తీసి కాల్చేయండి. ఫ్రేములో కన్నాలుంటే చెక్కపురుగు మందును సూదితో ఎక్కించి, పాలిథిన్‌లో చుట్టి కొన్ని రోజులు ఉంచి, ఆ తరువాత బాగా ఆరనిచ్చి నల్లకాగితం మీద పెట్టండి. నెల రోజుల తరువాత కాగితం మీద కొత్త పొడి కనిపించకపోతే కన్నాలను మైనంతో పూడ్చవచ్చు.

మూలలను సుత్తితో కొట్టి విడదీయవద్దు. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను అతుకు మీద కాసేపు ఉంచితే సరేసు తనంతట తానే వదులుతుంది. పాత బంక ఆనవాలు కూడా మిగలకుండా తుడిచి, కర్ర పూర్తిగా ఆరాకే ఫెవికాల్ రాయండి, ఎందుకంటే పాత బంక మీద అది సరిగా పట్టదు. నాలుగు మూలలా చిన్న చెక్కముక్కలు ఆనించి, చుట్టూ తాడు కట్టి, పుల్లతో మెలిపెట్టి బిగించండి. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకుని, ఒక రోజంతా కదపకుండా ఉంచండి.

పాలిష్‌ను గరుకు కాగితంతో గీకవద్దని నా గట్టి మనవి. కనిపించని చోట స్పిరిట్‌లో తడిపిన దూదితో రుద్ది చూడండి. జిగటగా మారితే అది లక్క పాలిష్, కాబట్టి పైన దుమ్ము తుడిచి పల్చగా మరో పూత వేస్తే పాత రంగు తిరిగి వస్తుంది. వెనుక పాత వార్తాపత్రికకు బదులు ఆమ్లం లేని అట్ట వేసి, తగిలించేటప్పుడు గోడకూ పటానికీ మధ్య గాలి ఆడేలా కింది రెండు మూలలా కార్కు ముక్కలు అంటించండి.

ప్రశ్న: పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు కిటికీ రెక్కలతో పటాలు చేసుకోవచ్చా? కర్ర ఎంత పడుతుంది? (ఒక పాఠకుడు, బరంపురం)

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. కిటికీ రెక్కలో అద్దం కూర్చోవడానికి తీసిన గాడి ముందే ఉంటుంది కనుక మీకు సగం పని తప్పినట్టే. రంపం పెట్టేముందు అయస్కాంతంతో తడిమి, విరిగి లోపల మిగిలిన మేకులన్నీ తీయండి. పాత రంగును పొడిగా రుద్దకండి. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని, నీటితో తడుపుతూ, పిల్లలకు దూరంగా గీకండి.

కొలతకు ఒక సులువైన లెక్క ఉంది. అద్దం చుట్టుకొలతకు, గాడిని మినహాయించిన కర్ర వెడల్పును ఎనిమిది రెట్లు చేసి కలపాలి. అద్దం 10, 12 అంగుళాలు, కర్ర 2 అంగుళాలు, గాడి పావు అంగుళం అనుకుంటే 44కు 14 కలిపి 58 అంగుళాలు. రంపపు కోతకూ సర్దుబాటుకూ 62 ఉంచుకోండి. మూలలు 45 డిగ్రీలకు కోయాలి. కర్ర చలికాలంలో, వానాకాలంలో కొద్దిగా కదులుతుంది కనుక అద్దాన్ని గాడి కంటే 2 మిల్లీమీటర్లు తక్కువగా కోయించండి.

ప్రశ్న: సరుకుల కింద వచ్చే ప్యాలెట్ చెక్క పనికొస్తుందా? (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: చిన్న పటాలకు పనికొస్తుంది. విదేశీ సరుకు కింద వచ్చినదైతే దాని మీద ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడి చేశారని అర్థం; అది తీసుకోండి. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారు; దానిని ఇంట్లోకి తేకండి.