కొరివి దెయ్యాన్ని కుంపట్లో మొయ్యాలి

తమ్ముడూ,

లంకల్లో జరిగేట్టు నువ్వు రాసిన ఆట చదివాను, అదే, ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుని జట్టుగా పాచికలేసి ఆడేది. ఒక ఆటగాడికి కొరివి దెయ్యం పాత్ర ఇవ్వడం మంచి ఊహే. ఇలాంటిది కొత్తా కాదు, తప్పూ కాదు. 1974లో వచ్చిన ఇలాంటి ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి నియమాల్లోనే దాదాపు ఏ జీవినైనా ఆడొచ్చని ఉంది. డ్రాగన్ కావాలంటే పిల్ల డ్రాగన్‌గా మొదలుపెట్టి ఎదగాలన్నదే షరతు. నీ దెయ్యం మాత్రం మొదటి లెవెల్లోనే ఊళ్లు తగలబెడుతోంది.

బలానికి లెవెళ్లతో వెల కట్టి చూద్దామనుకుంటావేమో. ఆ ఆట మూడో ఎడిషన్‌లో ఆ పనే చేశారు. ఓగర్ అనే రాక్షసుడికి 4 హిట్ డైస్ (ప్రాణబలం తేల్చే పాచికలు), పైన ఉన్న బలానికి 2 లెవెళ్ల సర్దుబాటు, వెరసి 6. అంటే ఆరో లెవెల్ జట్టులో అది నాలుగు పాచికల ప్రాణంతో తిరగాలి. దాని దెబ్బకి ఎదుటివాడు కూలతాడు, ఒక ఫైర్‌బాల్ మంత్రానికి అదీ కూలుతుంది. ఆ లెక్క జోలికి పోకు.

దెబ్బ ఎంత గట్టిదన్నది పెద్ద చిక్కు కాదు. ఆటలో సమస్యలనే మింగేసే శక్తులే చిక్కు. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ట్రోల్ అనే రాక్షసుడికి నిప్పో యాసిడో తగలనంతవరకు ప్రతి వంతులోనూ 10 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, తిరిగొస్తాయి. పోరాటం అయ్యాక నిమిషం కూర్చుంటే చాలు, ఒళ్లంతా కొత్తే. పక్కవాళ్లు మందులు లెక్కపెట్టుకుంటూ ఉంటే దానికి ఆ బాధే ఉండదు. ఎగరడమూ అంతే: కాలవ, పంటు, తెగిన వంతెన, నువ్వు రాసిన సగం అడ్డంకులు పోతాయి. విజార్డుకి, అంటే మంత్రగాడి పాత్రకి, ఎగిరే ఫ్లై మంత్రం అయిదో లెవెల్లో అందుతుంది. నీ దెయ్యాన్నీ అప్పుడే గాల్లోకి లేపు.

ఇక బలహీనత. 'నీళ్లు దాటలేదు' అని రాశావు. డెల్టాలో అడుగుకో బోదె, ఊరికో కాలవ. ఆ ఆటగాడు సాయంత్రమంతా గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల ఆట చూడాలి. బలహీనత పాత్రని ఆపకూడదు, పక్కవాడి మీద ఆధారపడేట్టు చెయ్యాలి. కాబట్టి దాటనీ, కానీ కుంపట్లో. ఎవరో ఒకరు రెండు చేతులా మొయ్యాలి, అప్పుడు డాలూ పట్టలేరు, విల్లూ పట్టలేరు. గంటకో కొబ్బరి డొక్క వెయ్యాలి. వాన పడితే పది నిమిషాలకోసారి కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) మీద పాచిక, 10 దాటాలి. ఓడితే 1డి4, అంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి వేస్తే ఎంత పడితే అంత ప్రాణం, పోతుంది. 8 హిట్ పాయింట్ల దెయ్యం మూడు నాలుగుసార్లు ఓడితే ఆరిపోతుంది. దీన్ని ఆషాఢంలో పెట్టావనుకో, వేరే శత్రువే అక్కర్లేదు.

వెలుగు సంగతి నువ్వు మర్చేపోయావు. 10 అడుగుల మేర మంచి వెలుతురు, మరో 10 అడుగులు మసక, ఆర్పడం దాని చేతిలో లేదు. ఇక రాత్రిపూట జట్టు నక్కి వెళ్లడం కల్ల. నక్కాలంటే కుంపటి మీద మూత పెట్టాలి, ఎక్కువసేపు పెడితే ఊపిరాడదు. దెయ్యం కొట్టే దెబ్బకి 1డి6, మామూలు ఆరు ముఖాల పాచిక ఒకటి, చాలు.

పెద్ద ఒళ్లున్న పాత్ర ఎవరైనా అడిగితే మండువా లోగిలి గుమ్మాలు గుర్తుంచుకో. 10 అడుగుల చోటు కావాల్సింది 5 అడుగుల నడవలో ఇరుక్కుంటే నడక సగమవుతుంది, కొట్టేటప్పుడు డిసడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి), దాన్ని కొట్టే ఎదుటివాడికి అడ్వాంటేజ్ (ఎక్కువది).

ప్రతి ఊళ్లోనూ జనం కర్రలు పట్టుకుని తరుముతున్నట్టు రాశావు. మూడోసారికి విసుగొస్తుంది. ఒక ఊరికి దానితో పని పడనీ. వరద రోజుల్లో ఏటిగట్టుకి రాత్రి కాపలా ఉంటుంది, ఎక్కడ నీరు ఊరుతోందో చూడటానికి దీపం కావాలి. గాలివానలో లాంతర్లు నిలవవు. దెయ్యాన్ని పిలవాలంటే ఊరి పెద్దలకి భయం, పిలవకపోతే గండి. దానికేమో వానంటేనే ప్రాణగండం. నీ మొదటి సాయంత్రం ఇక్కడే మొదలుపెట్టు.

ఒకటి మాత్రం ఆటకి ముందే తేల్చుకో: కుంపటి ఎవరు మోస్తారో జట్టునే అడుగు. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ ఆటగాడికి మామూలు మనిషి పాత్ర ఇచ్చెయ్.