రోజుకు 40 సెంట్లు: అమెరికా అంతర్యుద్ధ నర్సుల జీతాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది సైనిక ఆసుపత్రులు మహిళా నర్సులకు ఎంత ఇచ్చేవి? సిపాయి జీతం కన్నా తక్కువా?

జవాబు: రోజుకు 40 సెంట్లు, ఒక రేషన్ (ఒక రోజు తిండి). 1861 ఆగస్టు 3 నాటి చట్టం అలా ఖాయం చేసింది. నెలకు లెక్కేస్తే 12 డాలర్లు. మామూలు సిపాయికి 13. తేడా ఒక్క డాలరే అనిపిస్తుంది కానీ సిపాయికి దుస్తుల భత్యం వేరే ఉండేది, 1864లో అతని జీతం 16 డాలర్లయింది. నర్సు 40 సెంట్ల దగ్గరే ఉండిపోయింది. పైగా ఆ చట్టం నర్సు ఉద్యోగాన్ని కొత్తగా ఏర్పాటు చేయలేదు. వైద్యాధికారికి అవసరమనిపిస్తే ఆసుపత్రి పనిలో సిపాయిలకు బదులు ఆడవాళ్లను పెట్టుకోవచ్చని మాత్రమే చెప్పింది. తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

ప్రశ్న: నియామకాలు డొరొథియా డిక్స్ చేతిలోనే ఉండేవా? ఆమె పెట్టిన షరతులేమిటి?

జవాబు: 1861 జూన్‌లో ఆమెను ఆర్మీ నర్సుల సూపరింటెండెంటుగా నియమించారు. జీతం లేకుండానే యుద్ధమంతా పనిచేశారు. 1862 జులై సర్క్యులర్ ప్రకారం దరఖాస్తుదారుకు 35 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు, మంచి ఆరోగ్యం ఉండాలి. నడవడి గురించి పెద్దమనుషులు రాసిచ్చిన ఉత్తరాలు జత చేయాలి. గోధుమ, బూడిద, నలుపు రంగు బట్టలే కట్టాలి. రిబ్బన్లు, నగలు, వలయాల పరికిణీలు కూడదు. మంచాల మధ్య ఇరుకు సందుల్లో తిరగాల్సిన మనిషికి ఆ చివరి షరతు సబబే. దెబ్బకొట్టింది వయసు నిబంధన. ముప్ఫై దాటని సమర్థులు వెనక్కి వెళ్లిపోలేదు. వేరే దారిన వచ్చారు. కొందరిని సర్జన్లే (సైనిక వైద్యులే) నేరుగా పెట్టుకున్నారు, కొందరు సహాయ సంఘాల తరఫున వచ్చారు, కొందరు భర్త రెజిమెంటు వెంట నడిచారు. క్యాథలిక్ సన్యాసినులను సర్జన్లు ఏరికోరి పిలిపించుకున్నారు. ఇన్ని దారులుంటే కాగితాలు ఒక్కలా ఎలా ఉంటాయి? పేరు జీతాల పట్టీకెక్కని మనిషికి ఎంత చాకిరీ చేసినా 40 సెంట్లు రావు. 1863 అక్టోబరులో సైనిక వైద్య విభాగాధిపతి అయిన సర్జన్ జనరల్‌కు కూడా నియమించే అధికారమిచ్చి, వార్డులో నర్సులను ఆసుపత్రి వైద్యాధికారి అదుపులో పెట్టారు. డిక్స్ పెత్తనం అక్కడితో సగం పోయినట్టే.

ప్రశ్న: మగ నర్సులు ఉండేవారు కదా, వాళ్లతో ఇబ్బందేమిటి?

జవాబు: ఎక్కువమంది జబ్బు నుంచి కోలుకుంటున్న సిపాయిలే. బరువులెత్తే ఓపిక ఉండదు; ఓపిక వచ్చి పని ఒంటబట్టేసరికి రెజిమెంటు వెనక్కి పిలిపించుకుంటుంది. 1863 ఏప్రిల్‌లో యుద్ధానికి పనికిరాని సిపాయిలతో ఇన్‌వాలిడ్ కోర్ అనే దళం ఏర్పడ్డాక కొంత నిలకడ వచ్చింది.

ప్రశ్న: నల్లజాతి మహిళలకూ అదే జీతమా?

జవాబు: కాదు. 1864 జనవరి ఉత్తర్వు వాళ్లను వంటవాళ్లుగా, నర్సులుగా తీసుకోవచ్చంటూ నెలకు 10 డాలర్లు నిర్ణయించింది. అంతకన్నా పెద్ద అన్యాయం హోదాలో జరిగింది. రోగులను చూసుకున్నా చాలామందిని బట్టలుతికేవాళ్లుగానో వంటమనుషులుగానో రాసుకున్నారు. సూసీ కింగ్ టేలర్ అనే నల్లజాతి మహిళ నల్లజాతి రెజిమెంటులో జీతమే లేకుండా సేవ చేశారు.

ప్రశ్న: దక్షిణాదిలో జీతాలు ఎక్కువని చదివాను. నిజమేనా?

జవాబు: అంకెల్లో నిజం. 1862 సెప్టెంబరు చట్టం ప్రతి ఆసుపత్రికీ నెలకు 40 డాలర్లకు మించకుండా ఇద్దరు మేట్రన్లను (ఆసుపత్రి పర్యవేక్షకురాళ్లను), 35 డాలర్లకు ఇద్దరు సహాయ మేట్రన్లను, ఒక్కొక్కరికి 30 డాలర్ల చొప్పున ప్రతి వార్డుకూ ఇద్దరు మేట్రన్లను అనుమతించింది; నర్సులకు 25. అయితే అవి కాన్ఫెడరేట్ నోట్లు, అంటే దక్షిణాది ప్రభుత్వం అచ్చేసిన డబ్బు. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో ధరలు పెరిగేకొద్దీ ఆ జీతం తిండికే చాలకుండా పోయింది. వార్డుల్లో బరువు పని మోసినవాళ్లలో బానిసలు ఎందరో. వాళ్ల కూలి యజమానుల జేబులోకి వెళ్లేది.

ప్రశ్న: పింఛను ఎప్పుడొచ్చింది? పాత రికార్డుల్లో ఒక నర్సును వెతకడం ఎలా?

జవాబు: 1892 ఆగస్టు 5 చట్టంతో నెలకు 12 డాలర్లు వచ్చింది. యుద్ధం ముగిసి అప్పటికి 27 ఏళ్లు. ఆరు నెలలకు తగ్గకుండా నర్సుగా పనిచేసి ఉండాలి, నియామకాన్ని యుద్ధ శాఖ గుర్తించాలి, సొంత సంపాదనతో బతకలేని స్థితిలో ఉండాలి. వంటమనిషిగా రాసినవాళ్లు మొదటి షరతు దగ్గరే ఆగిపోయారు. అందుకే వెతికేటప్పుడు నర్సుల జాబితాతో సరిపెట్టుకోకండి. వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉత్తరాది ఆసుపత్రి సిబ్బంది సర్వీసు కార్డులున్నాయి. మేట్రన్, వంటమనిషి, బట్టలుతికే మనిషి హోదాలన్నింటిలో, ఇంటిపేరు స్పెల్లింగు మార్చి మార్చి చూడండి. తర్వాత పింఛను ఫైలు తెరిస్తే, ఆమెను ఎవరు నియమించారో తోటివాళ్లు ఇచ్చిన వాంగ్మూలాల్లో దొరికే అవకాశం ఉంది.